లెక్కలవాళ్లకు డాక్టర్ల మనిషిని, డాక్టర్లకు లెక్కల మనిషిని

పేరూ, ఉండే పేటా వేయొద్దన్న షరతు మీద ఒక పాఠకురాలు ఐదు పేజీల ఉత్తరం రాశారు. సారాంశం ఇది.

వయసు 38. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ గణిత విభాగంలో ఎనిమిదేళ్లుగా అసిస్టెంట్ ప్రొఫెసర్. పీహెచ్‌డీ డిఫరెన్షియల్ జామెట్రీలో, అంటే వక్రతలాల గణితంలో చేశారు. పోస్ట్‌డాక్ రోజుల్లో షేప్ అనాలిసిస్ వైపు మళ్లారు. అంటే రెండు ఆకారాల మధ్య తేడాను కొలిచే గణితం. ఆవిడ దాన్ని మెదడు ఎంఆర్‌ఐ స్కాన్ల మీద ప్రయోగిస్తారు. డిపార్ట్‌మెంట్‌లో సీనియర్లు "ఇదంతా కంప్యూటర్ వాళ్ల పనమ్మా, ఇందులో థీరమ్ ఎక్కడుంది?" అంటారు. నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి న్యూరాలజిస్టుతో మూడేళ్లుగా కలిసి పనిచేస్తున్నారు. ఆయన దృష్టిలో ఈవిడ "స్టాటిస్టిక్స్ చేసిపెట్టే మేడమ్". ఆ బృందంతో వచ్చిన మొదటి పేపర్లో తొమ్మిది పేర్లుంటే ఈవిడది ఆరోది. ఒంటరిగా రాసిన చివరి జామెట్రీ పేపర్ నాలుగేళ్ల కిందటిది.

ఇప్పుడు రెండో పేపర్ సిద్ధమవుతోంది. మతిమరుపు మొదలైన రోగుల్లో మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం ఆకారం ఎలా మారుతుందన్నది విషయం. ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది. ఇంత బాగా ఎందుకొచ్చిందా అని అనుమానపడి, ఈవిడ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి ఒక్కో స్కాన్ ఫైల్ హెడర్ (ఏ మెషిన్ మీద, ఎలా తీశారో ఉండే భాగం) తెరిచి చూసింది. రోగుల స్కాన్లు దాదాపు అన్నీ ఆసుపత్రిలోని పాత 1.5 టెస్లా మెషిన్ మీద తీసినవి (టెస్లా అంటే అయస్కాంత క్షేత్రం బలానికి కొలత). ఆరోగ్యవంతులవి దాదాపు అన్నీ కొత్త 3 టెస్లా మెషిన్ మీద తీసినవి. డాక్టర్ గారికి చెబితే "రివ్యూయర్లు అడిగితే అప్పుడు చూద్దాం" అన్నారట.

ఇంతలో గచ్చిబౌలిలో ఒక మెడికల్ ఇమేజింగ్ కంపెనీ ఇప్పటి జీతానికి దాదాపు మూడింతలు ఇస్తానంది. నెలాఖరులోగా చెప్పాలి. ఫ్లాట్ ఈఎంఐ ఉంది కాబట్టి భర్త చేరమంటున్నారు. యూనివర్సిటీ ఉద్యోగం వదిలితే తండ్రి మాట్లాడనంటున్నారు. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టులకు నోటిఫికేషన్ రాబోతోంది. "రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. మళ్లీ ప్యూర్ మ్యాథ్స్‌కి వెళ్లిపోనా, కంపెనీలో చేరనా, ఇలాగే ఉండిపోనా?" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరంలో నాలుగు పేజీలు సీనియర్ల మాటల గురించీ కంపెనీ గురించీ. స్కానర్ల సంగతి ఐదో పేజీలో ఒకే ఒక్క పేరా. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. మిగతావి నెల అటూ ఇటూ అయినా కొంపలు మునగవు. ఆ పేపర్ మాత్రం మీ పేరుతో ఒకసారి బయటికి వెళ్తే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం, తీసుకున్నా మచ్చ మిగులుతుంది.

మీకు తెలిసిందే అయినా మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను. అయస్కాంత క్షేత్రం బలం మారితే మెదడులోని బూడిద, తెల్ల పదార్థాల మధ్య కాంట్రాస్ట్ మారుతుంది. హిప్పోకాంపస్ చుట్టూ అంచు గీసే సాఫ్ట్‌వేర్ ఆ కాంట్రాస్ట్‌నే నమ్ముకుని గీస్తుంది. అసలే కొద్ది సెంటీమీటర్ల పొడవుండే భాగం. అంచు కాస్త లోపలికో బయటికో జరిగితే చాలు, మీ పద్ధతి దాన్ని నిజాయితీగా పట్టి చూపిస్తుంది. ఎంత సున్నితమైన పద్ధతైతే అంత గట్టిగా చూపిస్తుంది. కాబట్టి మీరు కొలిచింది జబ్బు కాకపోవచ్చు. ఆసుపత్రి కొత్త మెషిన్ కొన్న తేదీ కావచ్చు.

దీనికి మందు ఉందా అంటే, ఆ అమ్మాయి తయారుచేసిన పట్టికలో ఉంది. రోగుల్లో కొందరైనా 3 టెస్లా మీద, ఆరోగ్యవంతుల్లో కొందరైనా 1.5 మీద తీయించుకుని ఉంటే మోడల్‌లో స్కానర్‌ని ఒక చలరాశిగా పెట్టొచ్చు, స్కానర్ల మధ్య తేడాని సర్దే కాంబ్యాట్ లాంటి పద్ధతులు వాడొచ్చు. అలాంటివాళ్లు ఏ నలుగురో ఐదుగురో అయితే ఫలితం చుట్టూ అనిశ్చితి ఎంత పెరుగుతుందంటే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఒక్కరూ లేకపోతే ఏ స్టాటిస్టిక్సూ కాపాడలేదు. జబ్బు ప్రభావాన్నీ మెషిన్ ప్రభావాన్నీ విడదీసే సమాచారమే ఆ డేటాలో ఉండదు. అప్పుడు దారి ఒక్కటే. పాత మెషిన్ ఇంకా పనిచేస్తుంటే కొంతమంది ఆరోగ్యవంతులని దాని మీద స్కాన్ చేయించడం, వీలైతే కొందరిని రెండు మెషిన్ల మీదా తీయించడం. దానికి డబ్బు, సమయం, డాక్టర్ గారి సహకారం మూడూ కావాలి.

ఇవేవీ లేకపోయినా చేయగలిగేది ఒకటుంది, నాకు అదే ఎక్కువ నచ్చింది. 2004లో అమెరికాలో మొదలైన అల్జీమర్స్ ఇమేజింగ్ ప్రాజెక్టు ఏడీఎన్‌ఐ డేటా, దరఖాస్తు చేసుకున్న పరిశోధకులకు ఇస్తారు. దాని మొదటి దశలో అందరినీ 1.5 టెస్లా మీద, వాళ్లలో కొందరిని 3 టెస్లా మీద కూడా స్కాన్ చేశారు. ఒకే మనిషి, రెండు మెషిన్లు. మీ పద్ధతిలో ఆ రెండు స్కాన్ల మధ్య దూరం ఎంతొస్తుందో కొలవండి. జబ్బు వల్ల వచ్చే దూరంతో పోల్చండి. అదే ఒక పేపర్. అందులో మీ విద్యార్థిని పేరు మొదట ఉండాలి. మీ ఉత్తరంలో కనిపించిన మనుషులందరిలో సరైన ప్రశ్న సరైన సమయంలో వేసింది ఆ అమ్మాయే.

డాక్టర్ గారి సంగతి. ఆయన్ని దుర్మార్గుడనుకోవద్దు. పొద్దున్నుంచీ ఓపీ చూసి రాత్రి తొమ్మిదికి మీ గ్రాఫులు చూసే మనిషికి స్కానర్ పేరు చిన్న విషయంలా కనిపిస్తుంది. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా మెయిల్ రాయండి. నిష్ఠూరాలొద్దు. పట్టిక జతచేసి, "ఈ తేడా సరిచేయకుండా పంపితే రివ్యూలో తిరిగొస్తుంది, అచ్చయ్యాక ఎవరైనా కనిపెడితే ఇంకా ఇబ్బంది, ఈ రెండు మార్గాలున్నాయి, ఏది వీలవుతుందో చెప్పండి" అని రాయండి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ రచయితలకు పెట్టిన నాలుగు షరతుల్లో చివరిది, పేపర్‌లోని అన్ని అంశాలకూ జవాబుదారీగా ఉంటానని ఒప్పుకోవడం. ఆరో పేరైనా అంతే. "నేను లెక్కలు మాత్రమే చేశాను" అన్న మాట తర్వాత చెల్లదు.

ఆయన ఒప్పుకోకపోతే మీ పేరూ, విద్యార్థిని పేరూ తీసేయమని రాతపూర్వకంగా అడగాలి. మూడేళ్ల స్నేహం అక్కడితో పోవచ్చు, డేటా కూడా పోవచ్చు. ఆ ఖర్చుని తక్కువ చేసి చెప్పను. కానీ డేటా గురించి మీరు మాటవరసకన్నట్టు రాసిన ఒక వాక్యం నన్ను కలవరపెట్టింది. స్కాన్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారన్నారు. ఎథిక్స్ కమిటీ అనుమతి సంఖ్య ఎక్కడా రాయలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పాత రికార్డుల మీద చేసే పరిశోధనకైనా కమిటీ ముందుకి వెళ్లాల్సిందే. పేర్లు తీసేసిన పాత డేటా అయితే రోగుల సమ్మతి అవసరం లేదని కమిటీయే మినహాయింపు ఇవ్వగలదు, మనకి మనం ఇచ్చుకోలేం. పైగా తల ఎంఆర్‌ఐలో పేరు తీసేసినంత మాత్రాన మనిషి మాయమైపోడు. ఆ స్కాన్ నుంచి ముఖాన్ని త్రీడీలో తిరిగి గీయొచ్చు. అందుకే ముఖం భాగాన్ని చెరిపేశాకే పంచుకుంటారు. ఆ పెన్‌డ్రైవ్ ఇప్పుడు ఎవరి బ్యాగులో ఉందో ముందు కనుక్కోండి. డాక్టర్ గారితో మాట్లాడేటప్పుడు ఈ అనుమతి విషయం కూడా కలిపి తేల్చుకోండి.

ఇక మీ సీనియర్లు. "ఇందులో థీరమ్ ఎక్కడుంది" అన్నవాళ్లకి మీరు జవాబు చెప్పలేకపోయారని రాశారు. మీకు తెలియకేం కాదు, మొహమాటం. జవాబులు బోలెడున్నాయి. గణాంక శాస్త్రవేత్త డేవిడ్ కెండల్ ఇంగ్లండ్‌లోని లాండ్స్ ఎండ్ దగ్గర నిలువురాళ్లు సరళరేఖల్లో ఉన్నాయా, యాదృచ్ఛికంగా ఉన్నాయా అన్న ప్రశ్నని పట్టించుకున్న మనిషి. స్థానం, పరిమాణం, తిప్పడం తీసేశాక మిగిలేది ఆకారం అని 1984లో ఒక సిద్ధాంతం కట్టాడు. అందులో సమతలంలోని త్రిభుజాల ఆకారాలన్నీ కలిపితే ఒక గోళం వస్తుంది. రాళ్ల దగ్గర మొదలైన ప్రశ్న, వక్రంగా ఉన్న స్పేస్‌లలో దూరాలు కొలిచే రీమానియన్ జామెట్రీలో తేలింది.

దాని కంటే మీకు దగ్గరిది ఇంకోటుంది. డేవిడ్ మమ్‌ఫర్డ్ 1974లో ఆల్జీబ్రాయిక్ జామెట్రీలో గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ తీసుకుని, తర్వాత కంప్యూటర్ విజన్‌కి వచ్చారు. ఆయన, పీటర్ మిషోర్ కలిసి 2005లో ఒక విచిత్రమైన ఫలితం చూపించారు. వక్రరేఖల మధ్య దూరాన్ని ఎవరికైనా మొదట తట్టే పద్ధతిలో, అంటే బిందువులు జరిగిన దూరాల వర్గాలు కూడి కొలిస్తే, ఏ రెండు వక్రరేఖల మధ్యైనా దూరం సున్నా. రేఖకి సన్నని రంపపు పళ్లు మొలిపిస్తూ, ఆ పళ్లని ఇంకా ఇంకా సన్నం చేస్తూ పోతే ఒక ఆకారం నుంచి ఇంకో ఆకారానికి దాదాపు ఖర్చు లేకుండా వెళ్లిపోవచ్చు. కాబట్టి కొలతలో వక్రతనో డెరివేటివ్‌లనో చేర్చక తప్పదు. ఏది చేర్చాలి, చేరిస్తే జియోడెసిక్‌లు, అంటే ఒక ఆకారం నుంచి ఇంకోదానికి అతి దగ్గరి దారులు, ఉంటాయా ఉండవా అన్న ప్రశ్నలు గణితం కాకపోతే మరేమిటో మీ సీనియర్లే చెప్పాలి. డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో ఈ ఒక్క ఫలితాన్ని బోర్డు మీద గంటసేపు చెప్పండి. స్కాన్ల బొమ్మలు ఒక్కటీ చూపించకండి.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారి సంగతి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి నేను గుర్తుచేయాలా? సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆయన పేరుతో సంస్థే ఉంది. ఆంధ్ర యూనివర్సిటీలో గణితం చదివిన తెలుగింటి మనిషి. 1945లో పాతికేళ్లు నిండే వయసులో రాసిన పేపర్లో, సంభావ్యతా విభాజనాల మధ్య దూరానికి రీమానియన్ మెట్రిక్ (వక్రమైన స్పేస్‌లో దూరం కొలిచే పద్ధతి) వాడొచ్చని చూపించారు. ఫిషర్-రావు మెట్రిక్ పేరుతో దాన్నే ఇప్పుడు వక్రరేఖలని పోల్చే పద్ధతుల్లో మీవాళ్లు వాడుతున్నారు. ఆ తర్వాత ఆయన కేంబ్రిడ్జి వెళ్లి చేసిన పనేమిటి? సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్విన ఎముకల కొలతల్ని మ్యూజియంలో విశ్లేషించడం. దానితోపాటే గణాంక శాస్త్రవేత్త ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ. ఎముకలు కొలిచినందుకు ఆయన గణితానికి దూరమయ్యారని ఎవరూ అనలేదు.

ఇంత చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోవద్దు. మీ సీనియర్లు విషయం గురించి అన్నది తప్పు. మీ గురించి అన్నది పూర్తిగా తప్పు కాదు. నాలుగేళ్లుగా మీ సొంత పేపర్ లేదు. డాక్టర్ గారి స్కాన్లు సాయంత్రాలన్నీ తినేశాయి. అక్కడ మీరు కొత్త గణితం చేయడం లేదు, పాత గణితాన్ని కొత్త ఫైళ్ల మీద నడుపుతున్నారు. నాకు అర్థమైనంతలో మీ ఇబ్బంది రెండు రంగాల మధ్య ఉండటం వల్ల వచ్చింది కాదు. మధ్యలో ఉన్నందుకు మీకేం రావాలో మీరు ఎవరితోనూ మాట్లాడుకోలేదు. డాక్టర్ గారితో పేర్ల క్రమం మాట్లాడుకోలేదు, డిపార్ట్‌మెంట్‌తో ఏ పేపర్ లెక్కకొస్తుందో మాట్లాడుకోలేదు.

పేర్ల క్రమం అంటే గుర్తొచ్చింది. గణితంలో మనం పేర్లు అక్షరక్రమంలో వేసుకుంటాం. వైద్యంలో మొదటి పేరు, చివరి పేరు చూస్తారు. అధ్యాపక నియామకాల్లో పేపర్లకి పాయింట్లు లెక్కకట్టే 2018 యూజీసీ నిబంధనలకి ఈ తేడా తెలియదు. ఇద్దరు రాస్తే చెరి 70 శాతం పాయింట్లు. ఇద్దరికంటే ఎక్కువ మందైతే మొదటి, ప్రధాన లేదా కరస్పాండింగ్ (పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపే) రచయితకి 70, మిగతా ఒక్కొక్కరికీ 30 శాతం. అసోసియేట్ ప్రొఫెసర్‌గా నేరుగా తీసుకోవడానికి ఎనిమిదేళ్ల అనుభవం, ఏడు పేపర్లు, 75 రీసెర్చ్ స్కోరు అడుగుతారు. తొమ్మిది మందిలో ఆరో పేరుకి ఏమొస్తుందో మీరే కూడుకోండి. ముగ్గురు గణితజ్ఞులు అక్షరక్రమంలో పేర్లు వేసుకున్న పేపర్‌కి కూడా ఇదే గతి, కరస్పాండింగ్ రచయిత మీరు కాకపోతే. కాబట్టి ఇకమీదట ఎవరితో పని మొదలుపెట్టినా మొదటి వారంలోనే ఒక పేజీ మెయిల్ ఉండాలి: డేటా ఎవరిది, కోడ్ ఎవరిది, వైద్య పేపర్లో ఎవరి పేరు ఎక్కడ, అదే డేటా మీద వచ్చే పద్ధతి పేపర్లో కరస్పాండింగ్ ఎవరు. అడిగితే ఏమనుకుంటారో అనుకుంటే మళ్లీ ఆరో పేరే.

మళ్లీ ప్యూర్ మ్యాథ్స్‌కి వెళ్లిపోవడం గురించి పెద్దగా చెప్పను. వెళ్లొచ్చు. కానీ నాలుగేళ్ల విరామం తర్వాత అక్కడ మళ్లీ పేపర్ రావడానికి, అది రివ్యూ దాటడానికి రెండు మూడేళ్లు పట్టొచ్చు. మీ విద్యార్థిని సగం థీసిస్ నీళ్లపాలవుతుంది. సీనియర్ల మెప్పు కోసమే వెళ్తుంటే అది చాలా ఖరీదైన మెప్పు.

కంపెనీ విషయంలో మీ భర్త మాట కొట్టిపారేయొద్దు. ఈఎంఐ నిజం, మూడింతల జీతం నిజం. అక్కడ మీకు దొరికేవి జీతంతో పాటు డేటా, ఇంజినీర్లు, మీ పద్ధతి నిజంగా రోగి దాకా వెళ్లే అవకాశం. పోయేవి రెండు. ఏం అచ్చేయాలో మీరు కాక వాళ్లు నిర్ణయిస్తారు. మీ జామెట్రీ ఆరు నెలలు పనికొచ్చి, ఆ తర్వాత డీప్ లెర్నింగ్ మోడల్ దాని స్థానంలోకి వస్తే మీరు మామూలు డేటా సైంటిస్టుగా మిగలొచ్చు. అందుకే ఆఫర్ లెటర్‌కి జవాబిచ్చే ముందు వాళ్లని అడగండి. పేపర్లు అచ్చేసుకోవచ్చా, ఎవరి అనుమతితో? మొదటి ఏడాది ఏ సమస్య మీద పని? ఆకారాల గణితం తెలిసినవాళ్లు టీమ్‌లో ఇంకా ఎవరున్నారు? సరైన జవాబులు రాకపోతే మూడింతల జీతానికి మీరు అమ్ముతున్నది మీ డిగ్రీ పేరు మాత్రమే. అలా అమ్మడం తప్పేం కాదు, తెలిసి అమ్మండి.

మధ్యేమార్గం ఒకటుంది, దాన్ని మీరు ఉత్తరంలో తాకనే లేదు. చాలా విద్యాసంస్థల్లో అధ్యాపకులు కొన్ని షరతుల మీద కన్సల్టెన్సీ చేయొచ్చు. కొన్నిచోట్ల లియన్ మీద, అంటే ఉన్న పోస్టు మీద హక్కు ఉంచుకుని, కొంతకాలం బయటికి వెళ్లి రావచ్చు. మీ యూనివర్సిటీలో ఏముందో రిజిస్ట్రార్ ఆఫీసులో నోటి మాటగా కాక కాగితం మీద అడిగి తెలుసుకోండి. కంపెనీతో వారానికొక రోజు కన్సల్టెన్సీ అన్న ప్రతిపాదన పెట్టి చూడండి. ఈఎంఐలో కొంత తీరుతుంది, నాన్నగారూ మాట్లాడతారు. వాళ్లు ఒప్పుకోకపోతే వాళ్లకి కావలసింది మీ ఆలోచనా, మీ పూర్తి సమయమా అన్నదైనా తేలిపోతుంది. నెలాఖరు గడువు గురించి మరీ భయపడొద్దు. రెండు వారాలు గడువు పెంచమని మర్యాదగా అడిగితే ఆఫర్ పోతుందంటే, ఆ కంపెనీ గురించి అది కూడా ఒక సమాచారమే.

ఉన్నచోటే ఉండాలనుకుంటే ఆ డాక్టర్ గారి ఆసుపత్రి ఒక్కటే లోకం కాదు. ఈ ఊళ్లోనే ట్రిపుల్ ఐటీలో భారతీయుల మెదడు అట్లాస్, అంటే సగటు మెదడు నమూనా, తయారుచేసి 2019లో ప్రకటించారు. 50 మంది ఆడవాళ్లు, 50 మంది మగవాళ్ల ఎంఆర్‌ఐల నుంచి కట్టారు. అప్పటిదాకా మనవాళ్ల స్కాన్లని ఎక్కువగా పాశ్చాత్యుల మెదళ్ల నుంచి తయారైన మాంట్రియల్ నమూనాతో పోల్చేవారు. సగటు భారతీయ మెదడు ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణాల్లో దానికంటే చిన్నదని తేలింది. సగటు ఆకారం అంటే ఏమిటి, ఎవరి సగటు, ఏ మెట్రిక్‌లో సగటు? ఇది మీ ప్రశ్నే అమ్మా. వక్రంగా ఉన్న స్పేస్‌లో సగటు కట్టడం మీకు తెలిసినంతగా అట్లాస్ కట్టేవాళ్లందరికీ తెలియదు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి పరిశోధనా సంస్థలూ ఇక్కడే ఉన్నాయి, రెటీనాలో ఆప్టిక్ డిస్క్ ఆకారం మీద పని తరగదు. ఎవరినైనా కలవడానికి వెళ్తే, వాళ్ల డేటా అడగడానికి ముందు మీ దగ్గరున్న ప్రశ్న చెప్పండి. ఖర్చులకి, గణితజ్ఞుల కోసమే ఉన్న మ్యాట్రిక్స్ గ్రాంటు ఏడాదికి 2 లక్షల చొప్పున మూడేళ్లు ఇస్తూ వచ్చింది. చిన్న మొత్తమే, కానీ ప్రధాన పరిశోధకురాలు మీరే అవుతారు. ఇప్పుడది ఏ రూపంలో ఉందో కేంద్ర పరిశోధన నిధుల సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ ప్రకటనల్లో చూసుకోండి.

నోటిఫికేషన్‌కి ఎలాగూ దరఖాస్తు పెట్టండి, స్కోరు చాలకపోయినా సరే. కాగితాలు కూడబెట్టేటప్పుడు ఎక్కడ ఎంత తక్కువో తెలుస్తుంది. మీ విద్యార్థినిని కూర్చోబెట్టి, థీసిస్‌లో కనీసం ఒక అధ్యాయం నిరూపణతో ఉండేలా ఇప్పుడే ప్లాన్ చేయండి. లేకపోతే రేపు వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగేది కూడా మీ సీనియర్లు అడిగిన ప్రశ్నే, అప్పుడు జవాబు చెప్పాల్సింది ఆ పిల్ల. స్కానర్ పట్టిక ఆమె తయారుచేసిందని డాక్టర్ గారికి పంపే మెయిల్లో పేరు పెట్టి రాయండి, ఆ మెయిల్ కాపీ ఆమెకి కూడా వెళ్లనివ్వండి.